విశ్రాంత ఇంధనం

సింగనమిట్ట డివిజను పశువైద్య కార్యాలయపు పెరట్లో, రేకుల పంచ కింద, ఒక పెట్రోలు పీపా ఉంది. దానిని ఏ అధికారి తెప్పించాడో, ఏ జీపు కోసం తెప్పించాడో ఇప్పుడు చెప్పగలవారు లేరు. జీపు ఏనాడో తుప్పుపట్టి వేలానికి పోయింది. పీపా మిగిలింది. పీపా ఉంది కాబట్టి దానికొక స్టోరు సూపరింటెండెంటు, ఆయన ఉన్నాడు కాబట్టి ఒక నియమావళి ఏర్పడ్డాయి. డివిజనులోని పశువైద్యుల మోటారుసైకిళ్లన్నీ ఆ పీపాలోని పెట్రోలుతోనే నడవాలి. ఊరి మొదట్లో ధగధగలాడే బంకు ఒకటి ఉన్నా, ప్రభుత్వ వాహనం దాని వైపు కన్నెత్తి చూడకూడదు.

పీపాలో ఎంత పెట్రోలు ఉందో కొలకర్ర ముంచి చూస్తారు. కర్ర ఎంతవరకు తడిస్తే అంత పెట్రోలు ఉన్నట్టు లెక్క. అడుగున ఏళ్ల తరబడి చేరిన నీరు, తుప్పు, మట్టి, బంక కూడా కర్రను తడపగలవు కనుక వాటిని సైతం పెట్రోలుగానే గౌరవించడం ఆనవాయితీ. కొత్త సూపరింటెండెంటు వచ్చినప్పుడు పాతాయన కర్ర ముంచి చూపిస్తాడు, కొత్తాయన తడిని చూసి సంతకం చేస్తాడు. పీపా కడిగించాలన్న ఆలోచన ఎవరికీ రాలేదనడం అన్యాయం. అందరికీ వచ్చింది. కడిగిస్తే ఆ మేరకు పెట్రోలు తగ్గుతుంది. తగ్గినదానికి కడిగించినవాడు బాధ్యుడవుతాడు. అందుచేత ఆ మడ్డిని ఒకరి తరువాత ఒకరు, కులదేవత విగ్రహాన్ని అందుకున్నంత భద్రంగా అందుకుంటూ వచ్చారు. ప్రస్తుతం ఆ భాగ్యం సదాశివం గారిది.

ఆ పెట్రోలు మోటారుసైకిల్లోకి వెళ్లి ఏం చేస్తుందన్నది యంత్రాలకు సంబంధించిన సంగతి కనుక కార్యాలయానికి పట్టలేదు. ఎర్రదిన్నె పశువైద్యురాలు డాక్టర్ కుముదినికి పట్టింది. కార్బురేటర్లో పెట్రోలు వచ్చే రంధ్రం గుండుసూది మొన పట్టేంత సన్నం. అందులో బంక చేరితే ఇంజనుకు పెట్రోలు చాలదు, బండి దగ్గుతుంది, ఎక్సిలరేటరు ఎంత తిప్పినా ముందుకు సాగదు. పెట్రోలును ఆపవలసిన సూది కింద ఒక తుప్పు రజను ఇరుక్కుంటే ఇంకో చోద్యం. కావలసిన చోట అందని పెట్రోలు అక్కరలేని చోట ధారగా కారిపోతుంది. దగ్గుతూ, కారుతూ నడిచే బండికి మైలేజీ ఎంత వస్తుందో చెప్పడానికి పశువైద్యంలో పట్టా అక్కరలేదు. ఉన్నా నష్టం లేదు.

నలభై దాటిన కుముదిని ఆ బండిని తొమ్మిది పల్లెల మీద తిప్పవలసిన మనిషి. ఆ పల్లెల్లో మనుషుల కంటే గొర్రెలు ఎక్కువ. అక్కడ వాటిని జీవాలంటారు. వాటి మీదనే ఆ మనుషులు బతుకుతున్నారు కనుక మాట సరిగ్గానే ఉంది. ఆ జీవాలకు చిటుక రోగం అనే ఆపద ఒకటి ఉంది. తొలకరి పడి నేలమీద లేత పచ్చిక మొలవగానే, వేసవంతా ఎండుగడ్డి నమిలిన గొర్రెలు ఆత్రంగా మేస్తాయి. అన్నిటికంటే బాగా మేసిన పిల్ల, మందలోకెల్లా పుష్టిగా ఉన్న పిల్ల, నిలుచున్న చోటనే ఒక్క ఎగురు ఎగిరి పడిపోతుంది. వైద్యానికి వ్యవధి ఉండదు. టీకా ఒక్కటే దారి. అదీ వానలకు ముందే వేయాలి, ఒంటికి పట్టడానికి రెండు వారాలైనా గడువు ఉండాలి. అంటే మృగశిర కార్తె వచ్చేలోగా తొమ్మిది పల్లెలూ పూర్తి కావాలి.

భరణి కార్తెలో ఒక మధ్యాహ్నం ఆ బండి ఎర్రదిన్నె బాటలో, నీడలేని చోటు చూసుకుని మరీ ఆగిపోయింది. కుముదిని దిగి కిక్కు కొడుతూంటే, మందను తోలుకుని వస్తున్న బీరమ్మ నిలబడి వినోదం చూసింది. బీరమ్మ ఎర్రదిన్నెలో పెద్ద మందకు యజమానురాలు, నోటికి కూడా పెద్ద.

"ఏమ్మా డాకటరమ్మా, మళ్లా నిల్సిపోయినాదా? నువ్వు దాని మింద పోవల్లనా, అది నీ మింద పోవల్లనా?"

"ప్రభుత్వ వాహనం బీరమ్మా. దాని మర్యాద దానిది."

"మర్యాద గాదు, మదం. మా పొట్టేలు నయం, కొడితే అన్నా కదుల్తాది. సరే గానీ టీకాలెప్పుడేస్తావు? పోయినేడు తొలి వానకే నా మందలో గెంతులేసే పిల్లలన్నీ పాయ. బక్కవి మిగిల్నాయి. వాట్ని జూస్తే నాకేడుపొస్తాది, నన్ను జూస్తే వాటికేడుపొస్తాది."

"టీకాలు కృత్తికలో వస్తాయి. వచ్చిన మర్నాడే నీ మందతో మొదలుపెడతాను."

మాట ఇచ్చింది. బండిని మాత్రం ఇద్దరూ కలిసి నెట్టుకుంటూ మస్తాన్‌వలి మెకానిక్ షెడ్డుకు చేర్చారు. మస్తాన్‌వలి కార్బురేటర్ విప్పి, గిన్నెలోకి తొంగి చూసి, గౌరవంగా ఒక అడుగు వెనక్కి వేశాడు.

"మేడమ్, ఇది కార్బురేటర్ గాదు. మా జేజి కషాయం కాంచిన చెంబు."

గిన్నెలో ముదురు గోధుమరంగు మడ్డి, ట్యాంకు అడుగున దాని పెద్దన్న. రెండింటినీ పారబోసి, రంధ్రాలు ఊది, మస్తాన్‌వలి బండిని బతికించాడు.

ఆ వారమే డివిజను కార్యాలయం నుంచి శ్రీముఖం వచ్చింది. "సదరు వాహనము యొక్క మైలేజీ కంపెనీ వారు ప్రకటించిన ప్రమాణములో సగమునకైనను చేరనందున, సదరు వాహనమును తాము స్వంత పనులకు వినియోగించుకొనుచున్నారని ఎందుకు భావించరాదో సంజాయిషీ ఇచ్చుకొనవలెను."

కుముదిని సంజాయిషీ రాసింది. పీపా అడుగున ఏముందో, అది కార్బురేటర్లోకి ఎలా వస్తుందో, రంధ్రం మూసుకుంటే పెట్రోలు ఎందుకు వృథా అవుతుందో స్పష్టంగా, ఒక్క మాట కూడా ఎక్కువ లేకుండా రాసింది. చివర, నిజం చెప్పే అలవాటు కొద్దీ, 'తొలగించిన మడ్డిని పారబోయించడమైనది' అని కూడా రాసింది. ఆ పేజీలో ఉప సంచాలకులు విశ్వంభరరావు గారు చదివినది ఆ ఒక్క వాక్యమే.

ఆయన ఆమెను పిలిపించారు. పక్కన సదాశివం గారు, చెంబు పోగొట్టుకున్న ఇల్లాలి ముఖంతో కూర్చుని ఉన్నారు.

"డాక్టరుగారూ, తమ సంజాయిషీలో ఒక గంభీరమైన అంశం దొర్లింది. పారబోయించారా?"

"మడ్డినండీ."

"ఆ మడ్డి ఎక్కడిది?"

"పెట్రోలులోది."

"పెట్రోలు ఎవరిది?"

"ప్రభుత్వానిది."

"ఎవరి ఉత్తర్వుల మేరకు పారబోయించారు?"

ముక్కు చీదడానికి, చెప్పులో రాయి దులుపుకోవడానికి కూడా ఆమె ఎన్నడూ ఉత్తర్వులు తీసుకోలేదు.

సదాశివం గారు గొంతు సవరించుకున్నారు. "సార్, స్టోరు నుంచి నేనిచ్చింది పెట్రోలు. అందులో కొంత ఖర్చయింది. ఖర్చు కానిది కార్బురేటర్లో మిగిలింది. ఆ మిగిలినది నాకు తిరిగి అప్పగించకుండా నేలపాలు చేస్తే నా స్టాకుకు జవాబెవరు?"

విశ్వంభరరావు గారు కళ్లు మూసుకున్నారు. ఆయన ఆలోచించడం అరుదు కనుక గదిలో అందరూ నిశ్శబ్దం పాటించారు. తరువాత కళ్లు తెరిచి, కాగితం మీద ఏదో గీసి, లేచి నిలబడ్డారు.

"సదాశివం గారూ, మనం లీటరు ఇచ్చాం. అందులో పావువంతు మడ్డిగా తిరిగొస్తే, ఆ బండి వాడుకున్నది ముప్పావు లీటరే గదా?"

"ముప్పావే సార్."

"తిరిగిన దూరం మాత్రం తగ్గదు. లీటరుతో భాగించవలసిన దూరాన్ని ముప్పావుతో భాగిస్తే?"

సదాశివం గారి కళ్లలో నీళ్లు తిరిగాయి. "మైలేజీ పెరుగుతుంది సార్! ఒక్క నట్టు విప్పకుండా, ఒక్క బోల్టు బిగించకుండా!"

కుముదిని ఇక ఉండబట్టలేక, "అయితే పెట్రోలులో మడ్డి ఎంత ఎక్కువ ఉంటే మైలేజీ అంత ఎక్కువన్నమాట," అంది. వెటకారం ఎంత స్ఫుటంగా పలకాలో అంత స్ఫుటంగానే పలికింది.

విశ్వంభరరావు గారు ఆమె వైపు మొదటిసారి ఆదరంగా చూశారు. "ఎంత చక్కగా క్రోడీకరించారండీ! ఆ వాక్యాన్ని సర్క్యులర్లో పెట్టుకోవచ్చునా?"

పెట్టుకున్నారు. సర్క్యులరు మొదటి పేరాలోనే పెట్టుకున్నారు. రెండవ పేరాలో 'మడ్డి' అనే పదం ప్రభుత్వ ఆస్తిని కించపరుస్తున్నందున నేటి నుండి నిషిద్ధమన్నారు. అది పని చేయడం మానుకున్నదే గాని సేవ నుంచి తొలగింపబడలేదు కనుక ఇకపై దానిని 'విశ్రాంత ఇంధనము' అని వ్యవహరించవలెను. ప్రతి వాహనము యొక్క కార్బురేటరు, ట్యాంకు వారానికొకసారి విప్పి, విశ్రాంత ఇంధనమును సీసాలో పట్టి, లక్క ముద్ర వేసి, స్టోరుకు అప్పగించవలెను. స్టోరువారు దానిని తిరిగి పీపాలో పోయవలెను. అప్పగింత సరిగ్గా ఉన్న వాహనమునకు మైలేజీ ధ్రువపత్రము ఇవ్వబడును. ధ్రువపత్రము లేని వాహనముపై ప్రభుత్వ సామగ్రి ఏదియు, టీకా పెట్టెలతో సహా, రవాణా చేయరాదు.

డివిజనులో ఒక ఉత్సాహం పుట్టింది. ఇంతకాలం పశువుల గురించి మాత్రమే ఆలోచించిన వైద్యులు ఇప్పుడు మడ్డి గురించి ఆలోచించసాగారు. ఎవరి సీసా ఎంత నిండిందో వాకబు చేసుకోసాగారు. ఒకాయన చెరువు మన్ను కలిపి తన మైలేజీని తోటివారు కుళ్లుకునే ఎత్తుకు తీసుకువెళ్లాడు. ఇంకొకాయన సీసాలో గడ్డిపోచలు తేలాయి. స్టోరువారు వాటిని వృక్షజాత ఇంధనంగా నమోదు చేశారు. మస్తాన్‌వలికి 'అధీకృత సేకర్త' అనే హోదా వచ్చి, షెడ్డు ముందు బోర్డు వెలిసింది.

"మేడమ్, ముందు బండ్లు బాగు జేసేటోణ్ణి, ఇప్పుడు పిండేటోణ్ణి," అన్నాడతడు కుముదినితో సంతోషంగా. "పాలు ఎట్లొస్తాయని గాదు, ఎన్నొస్తాయనే సూస్తాండారు. మీ బండి గూడ బాగా ఇస్తాది, ఏం దిగులు పెట్టుకోవద్దు."

కృత్తిక వచ్చింది. టీకాలూ వచ్చి డివిజను చల్లని గదిలో చేరాయి. కుముదిని బండి మాత్రం ఇంటి గుమ్మం నుంచి వీధి మలుపు దాకా నడిచి, అక్కడ ఆయాసపడి నిలబడిపోతున్నది. పీపాలోకి తిరిగి వెళ్లిన మడ్డి మళ్లీ బండ్లలోకి వస్తున్నది, బండ్లలోంచి మళ్లీ పీపాలోకి వెళుతున్నది. ప్రతి ప్రయాణంలోనూ అది ఇంకొంచెం చిక్కబడుతున్నది. ఇచ్చిన మాట గుర్తున్న కుముదిని ఒక నేరం చేసింది. ట్యాంకు, కార్బురేటరు శుభ్రంగా కడిగించి, ఊరి మొదట్లోని బంకులో సొంత ఖర్చుతో పెట్రోలు పోయించింది.

బండికి ఏమయిందో తెలియదు. గుర్రం అయిపోయింది. ఎత్తుల మీద నవ్వుతూ ఎక్కింది, దిగువల్లో పాడుతూ దిగింది. కంపెనీవారు గోడల మీద రాసుకున్న మైలేజీ అబద్ధం కాదని రుజువు చేసింది. ఆ ఆనందంలో ఆమె టీకా పెట్టె కోసం డివిజను కార్యాలయానికి వెళ్లింది. వారం అప్పగింత ఆ రోజే. సదాశివం గారు మస్తాన్‌వలి చేత కార్బురేటరు విప్పించారు. గిన్నె అద్దంలా మెరిసింది.

సదాశివం గారు ఆ గిన్నెలో తన ముఖం చూసుకుని నిర్ఘాంతపోయారు.

"విశ్రాంత ఇంధనం ఏది?"

"లేదండీ."

"లేకపోవడమేమిటి? నేను పోసిన ఇంధనంలో ఉంది కదా! ఉన్నది ఏమైంది? ఎవరికి ఇచ్చారు?"

"దాన్ని ఎవరు పుచ్చుకుంటారు సదాశివం గారూ?"

"అది విచారణలో తేలుతుంది."

విచారణ ఆ గంటలోనే జరిగింది. విశ్వంభరరావు గారి ముఖంలో కోపం కంటే బాధ ఎక్కువ కనిపించింది. "మీరు సర్క్యులరుకు స్ఫూర్తినిచ్చిన వ్యక్తి. మీ వాక్యాన్ని మేము జిల్లా అంతటా చదివి వినిపిస్తున్నాం. అటువంటి మీరే పరిశుభ్రమైన కార్బురేటరుతో పట్టుబడ్డారు!" కుముదిని మీద రెండు అభియోగాలు మోపారు. మొదటిది విశ్రాంత ఇంధనం స్వాహా చేయడం. రెండవది ప్రభుత్వ ట్యాంకులో బయటి పెట్రోలు పోసి ప్రభుత్వ పెట్రోలును కల్తీ చేయడం. మైలేజీ ధ్రువపత్రం రద్దయింది. టీకా పెట్టె చల్లని గదిలోనే ఉండిపోయింది.

"టీకాలు బస్సులో తీసుకుపోతాను. నా భుజాన మోసుకుపోతాను," అంది కుముదిని.

"భుజానికి మైలేజీ ధ్రువపత్రం ఉందా?" అని సదాశివం గారు నిజంగానే అడిగారు.

సాయంత్రం ఆమె ఎర్రదిన్నెకు వెళ్లి జరిగినది చెప్పింది. బీరమ్మ దొడ్డి ముందు కూర్చుని, ఈనిన గొర్రెకు పిల్లను అందిస్తూ విన్నది.

"ఉండు, ఉండు. టీకా ఉండాది. డాకటరుండావు. బండి ఉండాది. నా జీవాలుండాయి. ఇంగేంది లేంది?"

"మడ్డి."

బీరమ్మ పకపకా నవ్వింది. కుముదిని నవ్వకపోవడం చూసి నవ్వు ఆపింది. పిల్ల చెవులు నిమురుతూ, "నువ్వు మాటిచ్చినావు గదమ్మా," అన్నది. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. అదే కష్టమయింది.

ఈలోగా డివిజను చరిత్రలో ఒక మహత్తర ఘట్టం సమీపించింది. సీసాలకు సీసాలు తిరిగి చేరడం వల్ల పీపా నిండింది. సదాశివం గారు కొలకర్ర ముంచితే పిడి దాకా తడిసింది. పీపా నిండా పెట్రోలు ఉన్నప్పుడు ఇంకా పెట్రోలు కొనడం దుబారా. కొనుగోలు ఆపేశారు. చేతిపంపు కొడితే గోధుమరంగు పాయసం పడుతున్నది కనుక దానిని ఎవరూ తీసుకోలేదు. ఎవరూ తీసుకోనందువల్ల వాడకం శూన్యమయింది. వాడకం లేకుండానే నిల్వ నిండుగా ఉన్న మొట్టమొదటి డివిజనుగా సింగనమిట్ట పేరు రాజధాని దాకా పాకింది. 'ఇంధన స్వావలంబన' పురస్కారం ప్రదానం చేయడానికి అదనపు సంచాలకులు స్వయంగా విచ్చేస్తున్నారని కబురు వచ్చింది. అన్ని బండ్లనూ ప్రదర్శనకు తీసుకురావాలని ఉత్తర్వు వెలువడింది. "ధ్రువపత్రము ఉన్నవియు, లేనివియు, వాహనములన్నియు పరుల వాహనములపై నెక్కక, తమ చక్రములపైననే రావలెను. దూరమును సూచించు మీటరు, ఇంధన వినియోగము సభాముఖమున పరిశీలించి, అర్హమగు వాహనములకు అప్పటికప్పుడే ధ్రువపత్రములు ప్రదానము చేయబడును."

డివిజనులోని వైద్యులందరూ ఆ ఉత్తర్వు చూసి తల పట్టుకున్నారు. కుముదిని దానిని రెండుసార్లు చదివింది. ఉత్తర్వులను అక్షరం అక్షరం చదివే దుర్గుణం ఆమెకు ఉంది. మర్నాడే ఎర్రదిన్నెకు వెళ్లి బీరమ్మను అడిగింది.

"మీ మందలన్నీ సింగనమిట్ట దాకా నడవగలవా?"

"మా జీవాలు కర్ణాటకం దాకా మేసి వస్తాయి. సింగనమిట్ట ఒక లెక్కనా? ఎందుకు?"

"టీకా ఇక్కడికి రాకూడదన్నారు. గొర్రెలు అక్కడికి పోకూడదని ఎవరూ అనలేదు."

బీరమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "ఇంత సదువుకున్నోళ్లు గూడ అప్పుడప్పుడు బాగుంటారే!"

రోహిణి కార్తె తొలిరోజుల్లో, ఎండ ముదరకముందే, ఆ ఊరేగింపు సింగనమిట్ట చేరింది. ముందు కుముదిని మోటారుసైకిలు. ట్యాంకులో చుక్క లేదు. ఎర్రదిన్నె మొగవాళ్లు వంతులవారీగా నెట్టుకుంటూ వచ్చారు, మీటరు నమ్మకంగా తిరుగుతూనే వచ్చింది. దాని వెనుక దుమ్ము, దుమ్ములోంచి ఊరు ఊరంతా మందలు. షామియానా కింద అదనపు సంచాలకులు దీపం వెలిగిస్తున్న సమయానికి బీరమ్మ పెద్ద పొట్టేలు వేదిక ఎక్కి బంతిపూల తోరణం రుచి చూసింది.

"ఏమిటిది?" అన్నారు అదనపు సంచాలకులు.

విశ్వంభరరావు గారికి ఏమిటో తెలియలేదు. కానీ తెలియకపోవడం ఆయనకు ఎన్నడూ అడ్డు కాలేదు. "ప్రజా భాగస్వామ్యం సార్," అన్నారు.

గుమాస్తా వచ్చి మీటరు చూశాడు. ఎర్రదిన్నె నుంచి వచ్చిన దూరం రాసుకున్నాడు. వాడిన పెట్రోలు ఎంత అని అడిగాడు. లేదంది కుముదిని. దూరాన్ని శూన్యంతో భాగించబోయి గుమాస్తా కలం ఆగిపోయింది. వెళ్లి విశ్వంభరరావు గారి చెవిలో ఊదాడు. ఆయన ముఖం నెమ్మదిగా వెలిగింది. మైకు అందుకున్నారు.

"సభాసదులారా! ఈ వాహనం సాధించిన మైలేజీ... అనంతం!"

చప్పట్లు మోగాయి. అదనపు సంచాలకులు లేచి నిలబడ్డారు. పాత అభియోగాలున్న సంగతి సదాశివం గారు గుర్తు చేయబోతే, అనంతం ముందు అవి నిలబడవని విశ్వంభరరావు గారు సైగ చేశారు. ధ్రువపత్రం అక్కడికక్కడే రాసి, అదనపు సంచాలకుల చేత కుముదినికి ఇప్పించారు. ఆమె దానిని రెండు చేతులా అందుకుని, దించకుండానే సదాశివం గారికి చూపించింది.

"టీకా పెట్టెలు ఇప్పించండి. ధ్రువపత్రం ఉన్న వాహనం ఇదిగో."

"బండి కదలదు కదమ్మా!"

"పెట్టె బండి మీద ఉండాలన్నారు. బండి కదలాలని సర్క్యులర్లో ఎక్కడా లేదు."

అతిథి చూస్తున్నారు. సదాశివం గారు తాళం తీశారు. కదలని బండి మీద పెట్టె పెట్టి, పెట్టె పక్కన కుముదిని నిలబడింది. జీవాలే ఒకదాని వెనుక ఒకటి వచ్చి తొడ అప్పగించాయి. బీరమ్మ పిల్లలను ఒడిసి పట్టుకుని అందిస్తూ, కదిలినవాటిని తిట్టింది. పొద్దు వాలేలోగా ఎర్రదిన్నెలో టీకా పడని జీవం లేదు. మిగిలిన సీసాలను సదాశివం గారు లెక్కపెట్టి, పెట్టెతో సహా గదిలో పెట్టి తాళం వేసుకున్నారు.

ఆ తొమ్మిది పల్లెల్లో ఒకటైన కోనాపురం నుంచి గాదిలింగప్ప అనే కాపరి ఆ రోజు కబురు విని ఒంటరిగా వచ్చాడు. చేతులు కట్టుకుని కుముదిని ముందు నిలబడ్డాడు. "మా ఊరికెప్పుడమ్మా?"

"రేపే. ఇప్పుడు బండికి ధ్రువపత్రం ఉంది. పెట్రోలు పోసుకుని నేనే వస్తాను."

ఆ మాట విని విశ్వంభరరావు గారు హడలిపోయారు.

"పెట్రోలా? ఆ బండిలోనా? డాక్టరుగారూ, తమరు గణితం చదువుకోలేదా? అనంతంగా ఉన్న మైలేజీ, ఒక్క చుక్క పోస్తే ఏదో ఒక అంకెకు పడిపోతుంది. రాష్ట్ర ఖ్యాతిని అంకెకు దిగజారుస్తారా?"

బండిని ఆ సాయంత్రమే కార్యాలయం ముందు అద్దాల మండపంలో పెట్టి, చుట్టూ గొలుసు కట్టించారు. అనంతమైన మైలేజీ గల వాహనం ఉండగా తక్కువ మైలేజీ వాహనాల మీద టీకాలు పంపడం దుబారా కనుక మిగతా బండ్ల ధ్రువపత్రాలు రద్దు చేశారు. ఎర్రదిన్నె పద్ధతి డివిజను మొత్తానికి ఆదర్శమని, ఇకపై పశువులే కార్యాలయానికి రావలెనని ఉత్తర్వు తీశారు. ఈనలేక అవస్థపడుతున్న గేదెలకు మాత్రం అరపూట మినహాయింపు ఇచ్చారు.

"అమ్మా, మాది రెండు కనుమల అవతల గదా," అన్నాడు గాదిలింగప్ప. "నడుమ యాడా నీళ్లు లేవు. ఈ రోహిణి ఎండకి పిల్లలు ఎట్ల నడుస్తాయి? దారిలోనే పోతాయి."

కుముదిని ఆ మాట విశ్వంభరరావు గారికి చెప్పింది, రాసిచ్చింది, రోజూ వెళ్లి నిలబడి చెప్పింది. కొంత చల్లబడ్డాక నడిపించమనండి, అన్నారాయన. చల్లబడింది. మృగశిర నడుమ రెండు రోజులు వాన పడటంతో చల్లబడింది.

ఎర్రదిన్నెలో బీరమ్మ పచ్చికలో మందను వదిలి, పగలంతా గుండె చేత్తో పట్టుకుని చూస్తూ కూర్చుంది. పిల్లలు ఎగిరాయి. ఎగిరినవి నేలమీద కాళ్లతోనే దిగాయి, మళ్లీ ఎగిరాయి. కోనాపురంలోనూ పిల్లలు ఎగిరాయి.

నాలుగో నాటికి విశ్వంభరరావు గారు కుముదినిని పిలిపించి ఒక నివేదిక ముందుకు జరిపారు. కోనాపురంలో జీవాలు చనిపోయిన మాట వాస్తవమేనట. అయితే టీకాలు నిండుగా ఉన్న డివిజనులో చిటుక రోగం వచ్చిందని రాస్తే పురస్కారానికి మచ్చ కదా, అందుచేత కారణం దగ్గర జాగ్రత్త వహించామన్నారు. ఆమె చదివింది. 'మరణ కారణము: కార్యాలయమునకు గైర్హాజరు.'

"ఇక్కడ తమ సంతకం."

కుముదిని కలం తీసింది. ఆ పంక్తిని ఒక చివర నుంచి ఇంకో చివర దాకా కొట్టేసి, పైన 'చిటుక రోగం. టీకా ఉండి కూడా వేయనివ్వలేదు' అని రాసి, దాని కింద సంతకం చేసింది.

"ఇది అవిధేయత," అన్నారు విశ్వంభరరావు గారు. "దీని పర్యవసానం..."

ఆయన వాక్యం పూర్తి కాలేదు. తలుపు దగ్గర గాదిలింగప్ప నిలబడి ఉన్నాడు. బురద మోకాళ్ల దాకా ఉంది. భుజాల మీద, మెడ చుట్టూ తిప్పి రెండు చేతులా కాళ్లు పట్టుకున్న పొట్టేలు పిల్ల ఉంది. బలిసిన, ఉన్ని మెరుస్తున్న పిల్ల, తల వెనక్కి వేలాడుతున్నది. అతడు ఎవరినీ అడగకుండా లోపలికి వచ్చి, దానిని బల్ల మీద, నివేదిక మీదనే, మెల్లగా దించాడు.

"వచ్చినాం సార్. హాజరేసుకోండి."

కుముదిని ఒక్కతే లేచి, తన కుర్చీని గాదిలింగప్ప వైపు జరిపింది. అతడు కూర్చోలేదు. విశ్వంభరరావు గారు కుర్చీ వెనక్కి లాక్కుని, రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, పిల్లను కాసేపు చూశారు. తరువాత అధికారికి తగిన నిబ్బరం తెచ్చుకున్నారు.

"కోనాపురం నుంచి ఎట్లా వచ్చారు?"

"నడిసి."

విశ్వంభరరావు గారు పిల్ల కాలి కింద నుంచి నివేదిక అంచు లాగి, మిగిలి ఉన్న ఖాళీలో 'ఇంధన వినియోగము: శూన్యము' అని రాసుకున్నారు.